దుర్వినియోగం ఎవరిది?

ప్రభుత్వ సహాయం మాట వచ్చినప్పుడల్లా మన మధ్యతరగతి సంభాషణ ఎంతోసేపు పట్టకుండానే దుర్వినియోగం మీదికి మళ్ళుతుంది. "ఉపాధి పనుల వల్ల కూలీలు దొరకడం లేదు", "ఊరికే బియ్యం ఇస్తే జనం సోమరులవుతారు" అనే మాటలు భూస్వాములే అంటారనుకోవడం పొరపాటు. ఎర్రజెండా కింద నడిచినవాళ్ళూ అంటారు. నేనూ అన్నాను. అందుచేత ఈ చర్చను నా తప్పుతోనే మొదలుపెట్టడం న్యాయం.

భద్రాచలానికి ఎగువన, దుమ్ముగూడెం, చర్ల మండలాల అడవి అంచున ఒక ఊళ్ళో నేను కొన్నేళ్ళు బడిపంతులుగా పనిచేశాను. 2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత బస్తరు నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన కోయ కుటుంబాలు ఆ చుట్టుపక్కల గుడిసెలు వేసుకున్నాయి. 2019లో ఆ ఊరి ఉపాధిహామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. సభలో మస్టరు పైకి చదువుతున్నారు. అందులో ఒక పేరుగల మనిషి చెరువు పనికి ఒక్కనాడూ రాలేదనీ, ఆ జాబ్ కార్డు మీద మట్టి మోసింది బస్తరు నుంచి వచ్చిన ఒక స్త్రీ అనీ నాకు తెలుసు. లేచి చెప్పాను. నిజమే చెప్పాను. మర్నాటి నుంచి ఆమెకు పని లేదు.

ఖమ్మం జిల్లాలో వైరా ఆయకట్టు కింద నా పేరిట ఆరెకరాలున్నాయి. వాటిని నేను దున్నను, కౌలుకిచ్చాను. 2018లో ఎకరానికి పంటకు 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు 2019లో 5,000 అయింది. ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేదు. కౌలుదారుకు మాత్రం చోటు లేదు. రెండు పంటలకు నాకు వచ్చే లెక్క 60,000 రూపాయలు. తెలంగాణలో ఆ ఏటి ఉపాధి కూలి రోజుకు 211 రూపాయలు. ఆమె నూరు రోజులూ మట్టి మోసినా 21,100. ఆమె పేరు అబద్ధం, పని నిజం. నా పేరు నిజం, సేద్యం అబద్ధం. అయినా దోషిగా నిలబడింది ఆమె. నన్నెవరూ ఏమీ అడగలేదు.

"అలా అయితే దొంగ మస్టర్లన్నీ క్షమించవలసిందేనా?" అని కొందరు మిత్రులు అడుగుతారు. కాదు. చచ్చినవాళ్ళ పేర్లు రాసి, జరగని పనికి బిల్లు పెట్టి, డబ్బు మింగేవాడున్నాడు. అక్కడ చెరువు తవ్వలేదు, కూలి అందలేదు. ఆమె విషయంలో మట్టి లేచింది. కూలి కష్టపడిన చేతికే పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి మస్టరును ప్రజల ముందు చదివించింది మొదటివాణ్ణి పట్టుకోవడానికి. నేను దాన్ని ఆమె మీద ప్రయోగించాను. నష్టపోయిందెవరని విచారించకుండా, నియమం తప్పిందా లేదా అని మాత్రమే చూస్తే మన నీతి గుమాస్తా నీతి అవుతుంది.

అబద్ధాన్ని నేను సమర్థించడం లేదు. పరాయి పేరు మీద బతికే మనిషికి నోరుండదు. రేపు ఆ కార్డుదారే ఆమె కూలిలో వాటా అడిగినా ఎవరితోనూ చెప్పుకోలేదు. అసలు ఆమెకు ఆ అబద్ధం ఎందుకు అవసరమైంది?

పేదవాడు మోసగిస్తాడన్న భయం కొత్తది కాదు. ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టం అమలైనప్పుడు, సహాయం పొందేవాడి స్థితి అతి తక్కువ సంపాదించే శ్రామికుడి స్థితి కన్న హీనంగా ఉండాలన్నది సూత్రం. సాయం కోరినవాళ్ళను శ్రమశాలల్లో పెట్టి, భార్యాభర్తలను విడదీశారు. సోమరిని ఏరడానికి పట్టిన జల్లెడ ఆకలిగొన్నవాణ్ణి శిక్షించింది. అదే దేశంలో భూస్వాముల రాబడిని కాపాడే ధాన్యపు చట్టాలు 1846 దాకా నడిచాయి. వాటికి ఏ జల్లెడా లేదు.

మన 2005 నాటి ఉపాధి చట్టం అంతకన్న ఉదారమైనది. 2006 ఫిబ్రవరిలో అది అమలులోకి వచ్చిన మొదటి 200 జిల్లాల్లో ఖమ్మం ఒకటి. గ్రామంలో నివాసం, పద్దెనిమిదేళ్ళ వయస్సు, ఒళ్ళు వంచే సంసిద్ధత — అది అడిగింది ఇంతే. పేదరికం రుజువు చెయ్యమనలేదు, పట్టా చూపమనలేదు. అడిగిన 15 రోజుల్లో పని ఇవ్వాలి, లేదా నిరుద్యోగభృతి ఇవ్వాలి. అంటే ఆమె సొంత కార్డు కోరదగిన మనిషే. దరఖాస్తు రాయడం ఆమెకు రాదు, నాకు వచ్చు. నేను దరఖాస్తు రాయలేదు, సాక్ష్యం చెప్పాను.

తర్వాత రైతుబంధు డబ్బు నా కౌలుదారుకే ఇస్తూ వచ్చాను. దాంతో బాకీ తీరిందనుకోను. ఆమె అప్పటికే ఆ ఊరు వదిలి వెళ్ళిపోయింది.

2025లో రైతుబంధు రైతుభరోసా అయింది. ఆ ఏడాది చివర ఉపాధి చట్టం స్థానంలో పార్లమెంటు మరో చట్టం చేసింది. పేర్లు మారినా జాబితాలుంటాయి, వాటిని చదివే మనబోటి చదువుకున్నవాళ్ళుంటారు. జాబితాలో దొంగ ఎవరని వెతకడం మన పనే. కాని అంతకు ముందు, అందులో ఉండవలసి ఉండీ లేనిది ఎవరో వెతకాలి.