వెనకబడిన కుక్క

మా అనంతపురం జిల్లాలో గొర్రెల మంద కదిలిందంటే వెంట కుక్క ఉండాల్సిందే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే కరువుసీమ ఇది. మేత కోసం కాపరులు ఊళ్ళకు ఊళ్ళు దాటిపోతారు. అందరిదీ కాళ్ళమీద బతుకే. మరి ఆ కుక్క కాలే మొరాయిస్తే?

కుక్క నొప్పి అని చెప్పదు. మూలగదు కనక మనమూ లేదనుకుంటాం. పడుకున్నది లేవడానికి తంటాలు పడుతుంది. అరుగెక్కబోయి ఆగి మన మొహంలోకి చూస్తుంది. వెనక కాళ్ళ గోళ్ళు నేలకు రాసుకుని అరిగిపోతాయి. తొడకండ చిక్కిపోతుంది. ఇన్ని కళ్ళెదుటే జరుగుతున్నా "ముసలిదైందిలెండి" అనేస్తాం. ఆ మాట నాకు గిట్టదు. ముసలితనం జబ్బు కాదు, కీళ్ళనొప్పికి వైద్యం ఉంది. (జాలిపడి మన నొప్పిబిళ్ళలు మాత్రం వేయకండి. అవి దాని ప్రాణానికే ముప్పు.) పశువుల డాక్టరుకు చూపించి, కాలు జారకుండా గోనెపట్టా పరిచి, నీళ్ళగిన్నె దగ్గరికి జరపడం ఎంత పని!

కుక్క కోసం ధర్మరాజు స్వర్గాన్నే వద్దన్నాడని పొంగిపోతాం. కానీ అది చివరిదాకా నడిచింది కదా! ద్రౌపది పడిపోయింది, తమ్ముళ్ళూ పడిపోయారు. ఆయన ఒక్కొక్కరి లోపం చెప్పాడే గాని వెనక్కి తిరగలేదు. ఆ కుక్కే కుంటుతూ దారిలో కూలబడి ఉంటే ఏ లోపం చెప్పేవాడో!

గొర్రెపిల్లకు రేపు సంతలో వెల ఉంది. నడవలేని పిల్లను భుజాన వేసుకుని పోయే కాపరిని ఈ రోడ్లమీద చాలాసార్లు చూశాను. కుక్కను మోసేవాణ్ణి ఇంకా చూడలేదు.