గోతమి బిడ్డను ఎవరూ చంపలేదు



ఒక ఆదివారం మా బస్తీ విహారంలో త్రిశరణ పంచశీల అయిపోయాయి. చాపలు చుట్టి పక్కన పెడుతున్నాం. ఒక అక్క నన్ను ఆపింది. ఆమె తమ్ముణ్ణి చంపి అప్పటికి పదకొండేళ్ళు. పొలం గట్టు దగ్గర మొదలైన తగాదా కులం పేరుతో తిట్టడం దాకా, అక్కడి నుంచి గొడ్డలి దాకా పోయింది. అట్రాసిటీ కేసే పెట్టారు. పదకొండేళ్ళయినా కేసు ఇంకా జిల్లా కోర్టులోనే ఉంది, సాక్షుల విచారణ సగంలో ఆగిపోయింది.

"అన్నా, ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. మైత్రీ భావనల అందరూ సుఖంగ ఉండాలె అంటం గద. వాని మొఖం కండ్ల ముందటికొస్తే నాకు నోరు పెగలది. వానికి శిక్ష పడాలె అనే ఉంటది. మరి నేను బౌద్ధురాలినేనా?" అని అడిగింది.

నేను ఇరవై ఏళ్ళుగా ఉద్యమాల్లో తిరుగుతున్నవాణ్ణి, నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణి. జవాబు జేబులోనే ఉన్నట్టు తీసి ఇచ్చాను. కిసాగోతమి కథ చెప్పాను. చచ్చిపోయిన బిడ్డను చంకన వేసుకుని మందు కోసం తిరిగిన తల్లి. చావు లేని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. ఇల్లిల్లూ తిరిగింది, అలాంటి ఇల్లు దొరకలేదు, చావు అందరికీ ఉన్నదేనని తెలుసుకుంది. అక్క మొత్తం విన్నది. చివరికి మెల్లగా అన్నది: "గోతమి బిడ్డను ఎవ్వరూ చంపలేదు గద అన్నా."

నా దగ్గర ఇంకో మాట లేదు. ఆ రోజు టీ కూడా సరిగా తాగలేకపోయాను. ఈ పుస్తిక రాయడానికి కారణం అదే.

నిజమే కదా. అనిత్యం అనేది ప్రకృతి ధర్మం. ఆకు రాలుతుంది, మనిషి పోతాడు. కానీ గొడ్డలి దానంతట అది లేవదు. దాని వెనుక ఒక చెయ్యి ఉంటుంది, చెయ్యి వెనుక చేతన ఉంటుంది. చేతననే కమ్మ అన్నాడు బుద్ధుడు. అంటే ఆ హత్య చంపినవాడి కమ్మ. చచ్చినవాడిది కాదు, వాడి అక్కది అంతకన్నా కాదు. మనవాళ్ళలో కూడా కొందరు ఇంకా "ఏ జన్మలో ఏం చేసుకున్నాడో" అంటుంటారు. బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో ఈ పూర్వజన్మ కర్మ వాదాన్ని గట్టిగా తోసిపుచ్చాడు. పేదవాళ్ళ, అణగారినవాళ్ళ దుస్థితికి రాజ్యమూ సమాజమూ బాధ్యత తప్పించుకోవడానికి తప్ప అది దేనికీ పనికిరాదన్నది ఆయన వాదన. హత్య జరిగిన ఇంటికి పోయి కర్మ అని చెప్పడమంటే హంతకుడి తరఫున వకాల్తా పుచ్చుకోవడమే. అనిత్యం అని చెప్పడం కూడా, సమయం సందర్భం లేకుండా చెబితే, అంతే. నేను చేసింది అదే.

ఖైర్లాంజీ సంగతి మీకు తెలుసు. మహారాష్ట్రలో భండారా జిల్లా. మన అదిలాబాద్ వాళ్ళకు నాగపూర్ ఎంత దూరమో, అక్కడి నుంచి ఆ ఊరికి ఇంకాస్త దూరం. అది బౌద్ధ కుటుంబం, బాబాసాహెబ్ ఫోటో పెట్టుకున్న ఇల్లు. సొంత భూమి ఉంది, పిల్లలను చదివిస్తున్నారు. ఒక దాడి కేసులో తల్లి ధైర్యంగా సాక్ష్యం చెప్పింది. 2006 సెప్టెంబరు 29 సాయంత్రం ఊరివాళ్ళు గుంపుగా వచ్చి తల్లిని, కూతుర్ని, ఇద్దరు కొడుకులను చంపి కాలువలో పడేశారు. తండ్రి ఒక్కడు మిగిలాడు. దాక్కుని ప్రాణం దక్కించుకున్నాడు. మిగలడం అని తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ పదానికి ఆయనకు ఎంత బరువుండేదో మనకు తెలియదు.

రెండేళ్ళకు, 2008 సెప్టెంబరులో భండారా కోర్టు ఎనిమిది మందిని దోషులన్నది. ఆరుగురికి ఉరి, ఇద్దరికి యావజ్జీవం. ఆ రోజు మేం సంతోషించాం, దాచడం ఎందుకు? ఉరి అన్న మాట విని సంతోషించిన నేనే తర్వాతి ఆదివారం పాణాతిపాతా వేరమణీ అని చదివాను. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గుగా ఉంటుంది. 2010 జులైలో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఉరిని ఇరవై ఐదేళ్ళ జైలుగా మార్చింది. ఉరి పోయినందుకు నాకు బాధ లేదు. అసలు బాధ వేరే ఉంది. ఇందులో కులం లేదని, ఇది సాక్ష్యం చెప్పినందుకు తీర్చుకున్న పగ అని కోర్టు అన్నది. అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. దళిత స్త్రీ సాక్ష్యం చెప్పడమే ఊరికి అంత నేరంగా ఎందుకు కనపడింది అని అడిగేవాడే లేడు. అప్పీలు సుప్రీంకోర్టుకు పోయింది. అది అక్కడ ఉండగానే 2017 జనవరి 20న ఆ తండ్రి గుండెపోటుతో చనిపోయాడు. పదేళ్ళు దాటిన ఎదురుచూపు అట్లా ముగిసింది. తీర్పు రాక ముగియలేదు, ఎదురుచూసే మనిషి లేక ముగిసింది.

ఈ పదేళ్ళలో ఆయన కోరింది ఏమిటి? పోయిన నలుగురు తిరిగి రారని ఆయనకు మనకంటే బాగా తెలుసు. కిసాగోతమికి తెలియంది ఆయనకు మొదటి రోజే తెలుసు. తన ఇంటివాళ్ళను ఎందుకు చంపారో దాన్ని దాని పేరుతో పిలవాలి, అంతే.

నాకు అర్థమైనంతలో ఇక్కడే మన ధమ్మానికి పని ఉంది. పంచశీలలో మొదటి శీలాన్ని హంతకుడు తప్పుతాడు. నాలుగో శీలాన్ని ఊరు ఊరంతా తప్పుతుంది. చూసినవాళ్ళు చూడలేదంటారు, పంచనామాలో సంతకం పెట్టినవాడు తెల్ల కాగితం మీద పెట్టించుకున్నారంటాడు. మొదటి శీలం ఒక్క పూటలో తప్పుతారు. నాలుగో శీలాన్ని మాత్రం ప్రతి వాయిదాకూ తప్పుతూనే ఉంటారు, పదేళ్ళు, ఇరవై ఏళ్ళు. కుటుంబం ఎదురుచూస్తున్నది ఆ అబద్ధం ఆగడం కోసం.

అంగులిమాలుడి కథ మనం ఎప్పుడూ అంగులిమాలుడి వైపు నుంచే చెబుతాం. ఎంత క్రూరుడైనా మారగలడు అని. మంచిదే. కానీ ఆ మెడలోని వేళ్ళు ఎవరివి? ఆ వేళ్ళు పోయిన ఇళ్ళలో ఏం జరిగింది? అక్క మాట తర్వాత ఆ సుత్తాన్ని మళ్ళీ చదివాను. ఆ ఇళ్ళవాళ్ళు కూడా ఉన్నారన్నట్టే ఉంది అందులో, మనమే గమనించం. అంగులిమాలుడు శ్రావస్తిలో భిక్షకు పోయినప్పుడు ఒకరి గడ్డ, ఒకరి కర్ర, ఒకరి పెంకు వచ్చి తగిలాయి. తల పగిలింది, పాత్ర పగిలింది, చీవరం చినిగింది. ఆ విసిరినవాళ్ళు ఎవరో సుత్తం చెప్పదు. నేను మాత్రం వాళ్ళలో ఒక అక్కను చూస్తాను. బుద్ధుడు ఏమన్నాడు? ఆ రాళ్ళు వేసినవాళ్ళను పిలిచి క్షమించమని బోధించలేదు. నెత్తురు కారుతూ వచ్చిన భిక్షువుతోనే, నువ్వు చేసినదాని ఫలం ఇది, ఓర్చుకో అన్నాడు. ఓర్పు బోధించింది చంపినవాడికి. మనం తిరగేసి బాధితులకు బోధిస్తున్నాం.

ఇంకో సంగతి. కాన్పు కష్టమైన ఒక స్త్రీని చూసి వచ్చాడు అంగులిమాలుడు. పుట్టినప్పటి నుంచి తెలిసి ఏ ప్రాణినీ చంపలేదని ఆమెతో సత్యం పలుకు అన్నాడు బుద్ధుడు. అలా అంటే తెలిసి అబద్ధం చెప్పినట్టే కదా భంతే అన్నాడు అంగులిమాలుడు. చూశారా, మారిన హంతకుడి మొదటి గుర్తు ఇది. నేను చంపలేదు అనే మాట వాడి నోట రాదు. మన ఊళ్ళల్లో బెయిలు మీద వచ్చినవాడు దండ వేయించుకుని ట్రాక్టరు మీద ఊరేగుతాడు. క్షమించమని అడగనివాడికి, అసలు చేయలేదు అనేవాడికి క్షమ ఎట్లా ఇస్తాం? ఇచ్చినా దాన్ని పుచ్చుకునే చెయ్యి ఏది?

అయితే ప్రసేనజిత్తు అంగులిమాలుణ్ణి శిక్షించలేదు కదా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ఐదువందల గుర్రాలతో బయలుదేరిన రాజు, చీవరంలో ఉన్నవాణ్ణి చూసి దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఈ చోటు నాకు ఇప్పటికీ గట్టిగానే గుచ్చుకుంటుంది. ఆ ఇళ్ళవాళ్ళను రాజు ఒక్క మాటైనా అడిగాడా అనిపిస్తుంది. ఒకటి మాత్రం చెప్పగలను. అక్కడ చంపడం ఆగింది, దాచడం లేదు, ఆస్తి లేదు, అధికారం లేదు. మన దగ్గర ఇందులో ఒక్కటీ జరగకుండానే క్షమ అడుగుతున్నారు.

మరి సింహ సేనాపతి ఇదే ప్రశ్న అడిగాడు. అహింస అంటే నేరం చేసినవాడికి శిక్ష వద్దనడమా అని. బాబాసాహెబ్ ఈ సంభాషణను తన గ్రంథంలో ప్రత్యేకంగా చేర్చాడు. శిక్షకు తగినవాణ్ణి శిక్షించాల్సిందేనని, ఆ బాధ న్యాయాధికారి ద్వేషం వల్ల వచ్చింది కాదని, అతని పని వల్లే వచ్చిందని బుద్ధుడి జవాబు సారాంశం. అంటే శిక్ష కోరడమూ పగ పెంచుకోవడమూ ఒకటి కాదు. రెండూ ఒకే గుండెలో ఉంటాయి కాబట్టి ఒకటిగా కనపడతాయి. ఒకటి నిద్ర పట్టని రాత్రి వాణ్ణి వందసార్లు చంపుతుంది, పొద్దునకు చూస్తే మన ఒళ్ళే కాలి ఉంటుంది. ఇంకొకటి పొద్దున లేచి కాగితాల సంచీ పట్టుకుని బస్సు ఎక్కుతుంది. మొదటిదాన్ని వదిలేయమని అక్కకు చెప్పే హక్కు నాకుందో లేదో. రెండోదాన్ని వదలమని చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

పైగా పగ పెరగడంలో మన వాటా కూడా ఉంది. ఒంటరిగా ఎదురుచూసే మనిషిలోనే అది ముదురుతుంది. చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి గోనె సంచుల్లో కుక్కి కాలువల్లో వేశారు. ఆ ప్రజలు ఎవరింటికీ గొడ్డలి పట్టుకుని పోలేదు. చనిపోయినవాళ్ళను ఊరి నడుమ సమాధి చేసి దాన్ని రక్తక్షేత్రం అన్నారు. కోర్టునే మా ఊరికి పంపండి అని పోరాడి, చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించారు. 2007 జులై 31న, పదహారేళ్ళకు, ఇరవై ఒక్క మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎవరూ చంపకుండానే ఎనిమిది మంది సంచుల్లోకి దూరారా అని అడిగితే జవాబు లేదు. అయినా వాళ్ళు మళ్ళీ కాగితాలే పట్టుకున్నారు, సుప్రీంకోర్టుకు పోయారు. ఇది పగ అయితే ఇంత ఓపిక ఉండదు.

మన విహారాలు ఏం చేస్తున్నాయి మరి? వైశాఖ పూర్ణిమకు ఖీర్ పంచుతాం, డిసెంబరు 6న కొవ్వొత్తులు పట్టుకుంటాం. వాయిదా రోజు ఆ ఇంటివాళ్ళతో ఎవరు పోతున్నారు? 1989 చట్టానికి 2015లో సవరణ వచ్చింది, 2016 జనవరి 26 నుంచి అమలులో ఉంది. అందులో 15ఎ సెక్షన్ ఉంది. కోర్టులో ఏం జరిగినా, బెయిలు దరఖాస్తుతో సహా, బాధితులకు ముందే తెలియజేయాలి, వాళ్ళ మాట వినాలి. సాక్షులకు దారి ఖర్చులు, తిండి ఖర్చులు ప్రభుత్వం ఇవ్వాలి. అక్కకు ఇది ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్ళు సొంత కూలి డబ్బులతో తిరిగింది. నేనూ చెప్పలేదు. నేను ఆవాల కథ చెప్పాను.

తర్వాతి వాయిదాకు మేం నలుగురం ఆమెతో పోయాం. పన్నెండింటికి కేసు పిలిచారు. అవతలి వకీలు రాలేదని ఇంకో తారీఖు ఇచ్చారు. 15ఎ కింద రాసిన దరఖాస్తును మాత్రం లోపల ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. చెట్టు కింద కూర్చుని ఆమె తెచ్చిన జొన్నరొట్టె పంచుకుని తిన్నాం. ఎదురుగా ముద్దాయి తన మనుషులతో టీ తాగుతున్నాడు. అక్క వాని దిక్కు చూసింది, కండ్లు తిప్పుకోలేదు.

"ఇయ్యాల భయం కాలే అన్నా," అన్నది. కొత్త తారీఖు రాసిన చీటీని సంచీలో పెట్టుకుని, బస్సు ఎన్ని గంటలకని అడిగింది.