లూకా రాయని కామా

లూకా సువార్త 23వ అధ్యాయం, 43వ వచనం. ఇంగ్లిషు బైబిల్లో అక్కడి కామా ఒక్క మాట ముందుకో వెనక్కో జరిగితే, చనిపోయాక మనిషి ఏమవుతాడన్న ప్రశ్నకు జవాబే మారిపోతుంది.

యేసుతోపాటు సిలువ వేసిన నేరస్థుల్లో ఒకడు, మీ రాజ్యంలోకి వచ్చినప్పుడు నన్ను తలుచుకోమని వేడుకుంటాడు. పరదైసులో తనతో ఉంటావని యేసు మాట ఇస్తాడు. ఆ జవాబులో ‘టుడే’ (ఈ రోజు) రెండు క్రియల నడుమ పడింది: ముందు ‘చెబుతున్నాను’, తర్వాత ‘ఉంటావు’. క్రియావిశేషణం కాబట్టి ఎటైనా అతుక్కోగలదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ దానికి ముందు కామా పెట్టింది. అంటే ఆ మనిషి ఆ రోజే పరదైసు చేరతాడు, దేహం పోయినా ఆత్మకు స్పృహ ఉంటుంది. యెహోవా సాక్షులు 1950లో తెచ్చిన అనువాదం కామాను తర్వాత పెట్టింది. మాట ఇచ్చింది ఈ రోజు, పరదైసు మాత్రం పునరుత్థానం తర్వాతే. సెవెంత్ డే అడ్వెంటిస్టులూ ఇలాగే చదువుతారు.

మూలం చూసి తేల్చుకుందామంటే వీల్లేదు. 4వ శతాబ్దపు వాటికన్, సినాయ్ ప్రతుల్లో గ్రీకు అక్షరాలు మాటల మధ్య ఎడం కూడా లేకుండా బారులు తీరి ఉంటాయి. ఇప్పటి కామా రూపం 15వ శతాబ్దం చివర్లో వెనిస్‌లో, ఆల్డస్ మానుషియస్ అచ్చుశాలలో స్థిరపడింది. కాబట్టి ఆ కామా అనువాదకులదే.

అలాగని ఎవరికి నచ్చినచోట వాళ్లు పెట్టుకోవడం న్యాయం కాదు. మార్కు 14:30 చూడండి. తనను ఎరగనని బొంకబోతున్నావని పేతురును హెచ్చరించేటప్పుడూ యేసు ఇదే ధోరణిలో మొదలుపెడతాడు. కానీ అక్కడ ‘చెబుతున్నాను’ తర్వాత ‘హోటి’ అనే గ్రీకు మాట ఉంది. మన ‘అని’ చేసే పనే అది చేస్తుంది. ‘ఈ రోజు’ దాని తర్వాత వస్తుంది కాబట్టి అది బొంకే రోజేనన్న విషయంలో సందేహం లేదు. లూకా 23:43లో ఆ ‘హోటి’ లేదు, పేచీ అంతా అందుకే. అయినా జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన సందర్భంలోనూ (19:9) లూకా ‘ఈ రోజు’ను జరిగిన పనికే ముడిపెట్టాడు. నేరస్థుడు అడిగింది కూడా ‘వచ్చినప్పుడు’ అనే; దానికి జవాబుగా ‘ఈ రోజు’ సరిపోతుంది. అందుకే కింగ్ జేమ్స్ కామాకే బలం ఎక్కువ.

అవతలి పక్షం అభ్యంతరమూ తీసిపారేసేది కాదు. పునరుత్థానమైన ఆదివారం ఉదయం మగ్దలేనే మరియతో, తానింకా తండ్రి దగ్గరికి ఎక్కిపోలేదని యేసే చెబుతాడు (యోహాను 20:17). మరి సిలువ వేసిన శుక్రవారం నాటి పరదైసు ఏది? అదీ, తండ్రి ఉండే పరలోకమూ ఒకటేనా, వేర్వేరా అన్నది ముందు తేలాలి. ఆ పని వ్యాకరణం వల్ల అయ్యేది కాదు.