పక్షికి తెలిసింది, పక్షికి తెలియనిది



భూమ్మీద మొట్టమొదటి హత్య జరిగాక హంతకుడు ఒక చిక్కులో పడ్డాడు. ఎదుట తోబుట్టువు శవం ఉంది, దాన్నేం చేయాలో తెలియదు. అప్పుడు అల్లాహ్ ఒక కాకిని పంపాడు. అది నేలను తవ్వసాగింది. అది చూసి ఆదం (అలైహిస్సలాం) కుమారుడు, ఈ కాకిపాటి కూడా కాలేకపోయానే అని వాపోయాడు. మాయిదా సూరా 31వ ఆయతులో ఈ వృత్తాంతం ఉంది.

ఇక్కడ ఒక వివరణ అవసరం. హాబీల్, ఖాబీల్ అన్న పేర్లు ఖుర్ఆన్‌లో లేవు, తఫ్సీర్ గ్రంథాల్లో ఉన్నాయి. ఆ కాకి చచ్చిన మరో కాకిని పూడ్చిపెట్టిందని మన ఇళ్ళల్లో పెద్దలు చెప్పేది కూడా తఫ్సీర్లలోని మాటే. ఆయతులో ఉన్నది నేలను తవ్విందని మాత్రమే. కాకులను కాస్త గమనించినవారికి ఇందులో వింత తోచదు. తినగా మిగిలిన ముక్కను నేలలో దాచి, పైన ఓ ఆకో మట్టిపెళ్ళో కప్పి, ఆకలైనప్పుడు వచ్చి తీసుకోవడం కాకి జాతికి ఉన్న అలవాటు. బహుశా అల్లాహ్ దానికి సహజంగా నేర్పిన విద్యే ఆ రోజు మనిషికి పాఠమైంది. వల్లాహు ఆలమ్. మరో సంగతి. హానికరమైనవని, హరమ్‌లో సైతం చంపవచ్చని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పిన ఐదు జీవుల్లో కాకి ఒకటి. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. అటువంటి కాకి మనిషికి గురువైంది!

కాకి తెలివి ఎంతటిదో నేటి పరిశోధకులు కూడా పరీక్షించి చూశారు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో న్యూ కలెడోనియా ద్వీపానికి చెందిన జాతి కాకులు రెండు ఉండేవి. నిలువు గొట్టం అడుగున ఒక చిన్న బకెట్, అందులో మాంసం ముక్క పెట్టారు. పక్కన రెండు తీగలు ఉంచారు, ఒకటి కొక్కెంలా వంచినది, ఇంకొకటి తిన్ననిది. కొక్కెమున్న తీగను మగకాకి ఎత్తుకుపోయింది. బెట్టీ అనే ఆడకాకి ఏం చేసిందంటే, మిగిలిన తిన్నని తీగ కొసను ఒకచోట ఇరికించి, వంచి, కొక్కెం చేసుకుని బకెట్‌ను పైకి లాగింది. తర్వాత తిన్నని తీగ మాత్రమే ఇచ్చి చూస్తే లెక్కకు వచ్చిన 10 ప్రయత్నాల్లో 9 సార్లు అలాగే చేసింది. ఈ ఫలితాలు 2002లో ప్రచురితమయ్యాయి. ఆ జాతి కాకులు అడవిలో కూడా పుల్లలను వంచి పనిముట్లు చేసుకుంటాయని 2016లో తెలిసింది. కాబట్టి అది అప్పటికప్పుడు తట్టిన ఉపాయమా, పుట్టుకతో వచ్చిన నేర్పా అని పండితులు వాదించుకుంటున్నారు. ఏదైనా మనకు పేచీ లేదు, రెండూ ఇచ్చినవాడు ఒక్కడే. అన్నట్టు ఆ మగకాకికి వారు పెట్టుకున్న పేరు ఏబెల్. అంటే హాబీల్!

ఇక హుద్‌హుద్ సంగతి చూద్దాం. తలపై కిరీటంలాంటి కుచ్చు, పొడవైన ముక్కు ఉండే ఈ పక్షిని తెలుగులో కూకుడుగువ్వ అంటారు. 2014 అక్టోబర్ 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తుఫానుకు ఒమన్ దేశం సూచించిన పేరు దీనిదే. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) పక్షులను తనిఖీ చేస్తే హుద్‌హుద్ కనబడలేదు. సరైన కారణం చూపకపోతే కఠినంగా శిక్షిస్తానన్నారు. అది కాసేపటికే వచ్చి, తమకు తెలియని విషయం తనకు తెలిసిందని, సబా దేశం నుంచి నమ్మకమైన వార్త తెచ్చానని విన్నవించుకుంది. అక్కడొక రాణి పాలిస్తోంది, ఆమెకు గొప్ప సింహాసనం ఉంది, ఆమె, ఆమె జాతివారు సూర్యునికి సజ్దా చేస్తున్నారు అని చెప్పింది. ఆకాశాల్లో, భూమిలో దాగి ఉన్నదాన్ని వెలికితీసే అల్లాహ్‌కు వారు ఎందుకు సజ్దా చేయరన్న ప్రస్తావన కూడా అక్కడ ఉంది. నేలలో దాగిన పురుగులను ముక్కుతో వెలికితీసి బతికే పక్షి నోట ఈ మాట ఎంత చక్కగా అమరిందోనని ముఫస్సిర్లు కొందరు అబ్బురపడ్డారు.

జిన్నులు, మానవులు, పక్షులతో కూడిన సేనలు గల చక్రవర్తి, పైగా ప్రవక్త. పిడికెడంత పిట్ట వచ్చి ‘మీకు తెలియదు’ అంటే ఆయన కోపగించుకోలేదు. అలాగని వెంటనే నమ్మనూ లేదు. నువ్వు నిజం చెప్పావో అబద్ధమాడావో చూస్తామని, లేఖ ఇచ్చి దాన్నే తిరిగి పంపారు (నమ్ల్ సూరా, 20 నుంచి 28 ఆయతులు). మన ఇళ్ళల్లో కోడలో, పదేళ్ళ పిల్లవాడో మనకు తెలియనిది చెబితే ఎలా వింటున్నాం? వాట్సాప్‌లో వచ్చినదాన్ని మాత్రం విచారించకుండానే పదిమందికి పంపేస్తున్నాం.

హుద్‌హుద్ చెప్పిందంతా తాను ఎగిరి వెళ్ళి కళ్ళారా చూసి వచ్చింది. రేపు ఏం జరుగుతుందో అది చెప్పలేదు. గైబ్, అంటే అగోచర జ్ఞానం, అల్లాహ్‌కు తప్ప ఎవరికీ లేదని అదే సూరా 65వ ఆయతు స్పష్టం చేస్తోంది.

మన ప్రాంతాల్లో ఈ విషయంలో రెండు రకాల తప్పూ జరుగుతోంది. ఒకవైపు పక్షికి బుర్ర లేదంటాం. మరోవైపు దాన్నే మన భవిష్యత్తు అడుగుతాం. కాకి అరిస్తే చుట్టాలొస్తారట, తల మీద తన్నితే కీడట, ఇంటి మీద గుడ్లగూబ కూస్తే చావట! నమాజు తప్పని ఇళ్ళల్లో సైతం ఈ మాటలు వినబడుతున్నాయి. అజ్ఞానకాలపు అరబ్బులు ప్రయాణానికి ముందు పక్షిని అదిలించేవారు. అది కుడివైపుకు ఎగిరితే బయలుదేరేవారు, ఎడమవైపుకైతే ఆగిపోయేవారు. దీన్నే తియరా అంటారు. ఇది షిర్క్ అని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు అబూ దావూద్, తిర్మిజీ హదీసుల్లో ఉంది. అయితే ఎంత వద్దనుకున్నా మనసులో గుబులు పుడుతుందనేవారు ఉంటారు. హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) తమవారి గురించి ఇదే విన్నవిస్తే, అది మనసులో కలిగేదే, వారి పనిని మాత్రం అది ఆపకూడదని ఆయన (స) బోధించారు (ముస్లిం). గుబులు పుట్టడం పాపం కాదు. దానికి లొంగి ప్రయాణమో పెళ్ళి మాటలో మానుకోవడమే తప్పు.

చిలుక జోస్యం మరీ ఘోరం. ఆడపిల్ల సంబంధం కుదురుతుందో లేదోనని తల్లులు పంజరం ముందు కూర్చుంటున్నారు. కార్డు తీస్తే గింజ దొరుకుతుందని చిలుక నేర్చుకుంది. ఆ తెలివి దానికి ఉంది. మరి డబ్బిచ్చి అడిగినవారి తెలివి ఏమైంది? రామచిలుకను పట్టి బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. జోస్యుని దగ్గరికి పోయి అడిగినవాని నమాజు 40 రాత్రులు స్వీకరించబడదని ముస్లిం హదీసులో ఉంది. ఇది విని, ఎలాగూ స్వీకరించబడదు కదా అని నమాజు మానేయకూడదు. విధి అలాగే ఉంటుంది, పుణ్యం పోతుందని ఉలమాలు వివరించారు. అలా అడిగినవారు వెంటనే తౌబా చేసుకోవాలి.

సంబంధం విషయంలో తేల్చుకోలేకపోతే అబ్బాయి గురించి తెలిసినవారిని విచారించండి, పెద్దలను సంప్రదించండి, ఇస్తిఖారా చేయండి. ఖుర్ఆన్ సూరాను నేర్పినట్టే దైవప్రవక్త (స) తమకు ఇస్తిఖారాను నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు (బుఖారీ). ఫర్జ్ కాని రెండు రకాతులు చదివి ఆ దుఆ చేసుకోవాలి. అరబీ రానివారు తోడుగా ఎవరినైనా కూర్చోబెట్టుకుని నేర్చుకోవచ్చు. రాత్రి కలలో ఏదో కనబడాలన్న షరతు ఆ హదీసులో లేదు.