నూలు ఒక ఊరిది, బట్ట మరో జాతిది

వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక నేత ఎవరిదన్న ప్రశ్నకు చట్టం చెప్పే జవాబు ఇదే: అది పుట్టిన చోటుది. పేక నూలు పడుగును పూర్తిగా కప్పేసేలా బిగించి నేసే ఈ దర్రీని ఇంకెక్కడో ఎంత నేర్పుగా నేసినా వరంగల్ దర్రీ పేరుతో అమ్మకూడదు. వ్యాపారానికి ఈ జవాబు సరిపోతుంది. బట్టను ఒంటికి చుట్టుకుని ఇది మా పెద్దలదని చెప్పుకునే జాతి విషయంలో మాత్రం సరిపోదు. తెలుగు నేల మీద నేసి ఆఫ్రికాకు వెళ్లిన ఒక గళ్ల బట్ట ఈ చిక్కును బాగా చూపిస్తుంది.

నైజీరియా దక్షిణాన, నైజర్ నది సముద్రంలో కలిసేచోట కలబారి ప్రజలు ఉంటారు. చేపలవేట, వర్తకం వారి పాత వృత్తులు. మగ్గం వారికి లేదు. అయినా పుట్టుక, పెళ్లి, చావు మూడింటిలోనూ బట్టకే పెద్దపీట. వాళ్లు ‘ఇంజిరి’ అని పిలుచుకునే గళ్ల నూలుబట్ట చాలాకాలం చీరాల ప్రాంతపు మగ్గాల నుంచి వెళ్లింది. ఎగుమతి వ్యాపారంలో దాని పేరు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. గజం చదరపు రుమాళ్లు ఎనిమిది కలిపి ఒకే తానుగా నేసేవారు. అది లండన్ వర్తకుల చేతుల మీదుగా పశ్చిమాఫ్రికా చేరేది. కలబారి ఇళ్లలో పెద్దల బట్టలను తరతరాలుగా పెట్టెల్లో దాచుకుంటారు. ఇంటి పెద్ద పోతే ఆ పెట్టెలు తెరిచి, అంత్యక్రియల కోసం సిద్ధంచేసిన మంచాలను ఆ బట్టలతో అలంకరిస్తారు. వంశగౌరవం అక్కడ బట్టల్లో కనబడుతుంది.

కలబారి స్త్రీలు కట్టుకోవడంతో ఆగలేదు. కొన్న బట్టలోంచి సూదితో పోగులు పైకి లేపి, బ్లేడుతో కోసి, లాగేస్తారు. మిగిలిన పోగుల మధ్య జల్లెడలాంటి కొత్త నమూనా తేలుతుంది. దాన్ని ‘పెలెటె బిటె’ అంటారు. నేతగాడు వేసిన పోగులకు ఒక్కటీ అదనంగా చేరలేదు, కొన్ని తగ్గాయంతే.

మరి ఇది ఎవరి బట్ట? కార్యకారణ సంబంధం మీద మన దర్శనకారులు వాదించుకున్నప్పుడల్లా చేతికందిన ఉదాహరణ కుండ, కాకుంటే బట్ట. సాంఖ్యుల సత్కార్యవాదం ప్రకారం బట్ట ముందే నూలులో అవ్యక్తంగా ఉంది, నేత దాన్ని వెలికితీస్తుంది. ఆ లెక్కన చీరాల నూలులో లేనిదేదీ కలబారిలో పుట్టలేదు, వారి గర్వం అరువు సొమ్ము. పోగులకు వేరుగా బట్ట అనేదే లేదు, అది వ్యవహారం కోసం పెట్టుకున్న పేరు అన్నారు బౌద్ధులు. ఆ మాట ఏ జాతి గర్వాన్నీ నిలవనియ్యదు. నైయాయికులు ఈ రెండింటినీ ఒప్పుకోలేదు. పోగులు కలిసినప్పుడు అంతకుముందు లేని వస్తువు ఒకటి పుడుతుందన్నది వారి వాదం. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో పోగులను బట్టకు సమవాయి కారణమన్నాడు. వాటి కలయిక అసమవాయి కారణం, మగ్గం, నాడె వంటివి నిమిత్త కారణం. ఈ సంప్రదాయం ఇంకో మెట్టు ఎక్కింది. నేసిన బట్టలోంచి కొన్ని పోగులు తీస్తే పాత బట్ట తగ్గిపోదు, నశిస్తుంది. మిగిలిన పోగుల్లో ‘ఖండపటం’ అనే కొత్త బట్ట పుడుతుంది. పండితులు వాదంలో లాగిన పోగును కలబారి స్త్రీలు చేత్తో లాగారు. నైయాయికుల మాటే నమ్మితే పెలెటె బిటె కలబారిలోనే పుట్టింది.

ఆఫ్రికా గుర్తుగా లోకం ఎరిగిన బట్టల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఘనాలోని అసాంటేల కెంటేకు వాడిన పట్టు, దిగుమతైన పట్టుబట్టలను విప్పి తీసిందే. 2024లో యునెస్కో కెంటే నేతను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. రంగురంగుల మైనపు అచ్చు బట్టకైతే మూలం జావా బాతిక్. దాన్ని అనుకరించి యంత్రాల మీద అచ్చొత్తినవారు డచ్చివారు. 1846లో మొదలైన వ్లిస్కో కంపెనీ నెదర్లాండ్స్‌లోని హెల్మండ్‌లో ఇంకా ఆ పని చేస్తూనే ఉంది.

అలాగని బట్ట కట్టుకున్న ప్రతివాడిదీ అయిపోదు. 2020 జూన్‌లో అమెరికా కాంగ్రెస్‌లో డెమొక్రాట్ నాయకులు కెంటే కండువాలు వేసుకుని మోకరిల్లారు. వాటిని ఇచ్చింది నల్లజాతి సభ్యుల బృందమే. అయినా అది నటనేనని ఆఫ్రికన్లలో చాలామంది విసుక్కున్నారు. విసుగుకు కారణం ఉంది. పోగుల కలయిక లేకుండా బట్ట పుట్టనట్టే, చావుపుట్టుకలతో కలయిక లేకుండా బట్ట వారసత్వం కాదు.

మతం చెప్పే జవాబు వేరు. బోన్‌వైర్ ఊరి అన్నదమ్ములిద్దరు అనాన్సే అనే సాలీడు దగ్గర నేత నేర్చుకున్నారని కెంటే కథ. మార్కండేయుని యజ్ఞంలో పుట్టిన భావనారుషి తామరనారతో దేవతలకు బట్ట నేశాడని కొత్తవాడ నేతన్నల్లో ఎక్కువమంది పుట్టిన పద్మశాలి కులం నమ్మకం. నేత మేమే కనిపెట్టామని రెండు కథలూ చెప్పవు, ఎవరో ఇచ్చారనే చెబుతాయి. బృహదారణ్యక ఉపనిషత్తులో గార్గి యాజ్ఞవల్క్యుణ్ని అడిగింది కూడా నేత భాషలోనే: ఈ లోకమంతా దేనిలో పడుగూ పేకలుగా అల్లుకుని ఉంది? అక్షరంలో, అంటే నశించనిదానిలో అని అతని జవాబు. అంతదూరం వెళ్తే ఊరి గర్వానికీ జాతి గర్వానికీ చోటుండదు, నిజమే. కానీ సంతలో బట్ట అమ్ముకునేవాడు అక్కడిదాకా వెళ్లలేడు. కొత్తవాడ విద్య కూడా మొదట బయటిదే. తివాచీ నేత మొగలుల వెంట దక్కనుకు వచ్చిందని ప్రతీతి. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్లేనాటికి అది వరంగల్ తివాచీ అయిపోయింది.

ఈ వాదంలో నేతగాడి స్థానమే ఇబ్బందికరం. మగ్గంలాగే అతనూ నిమిత్త కారణమే. నిమిత్త కారణం పోయినా కార్యం పోదంటుంది న్యాయశాస్త్రం. మగ్గం విరిగినా బట్ట ఉంటుంది. కలబారి పెట్టెలోని ఇంజిరికి దాన్ని నేసిన చేయి ఇప్పుడు అక్కర్లేదు. నైజీరియా దిగుమతులను కట్టడి చేసినప్పుడు దెబ్బ తిన్నది చీరాల మగ్గాలే, కలబారి పెట్టెలు కాదు. భౌగోళిక గుర్తింపు చట్టం ఇక్కడ శాస్త్రంతో విభేదిస్తుంది: ఆ హక్కును అమ్మడానికి లేదు, బదిలీ చేయడానికి లేదు, పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. వరంగల్ దర్రీ పేరు వాడుకునేందుకు అక్కడ నేసేవాళ్లు ఉండితీరాలి.