పారణ కూడ తపస్సేనా?

పర్యూషణ దినాలలో అఠాయి చేసిన వారిని మనము మేళతాళాలతో గౌరవిస్తాము. ఎనిమిది దినాలు ఆహారము లేక నిలిచినందుకు ఆ గౌరవము తగినదే. గాని పారణనాడు వారు ఏమి తీసుకున్నారు, ఎంతలో ఆపినారు అని ఇంటి పెద్దవారు తప్ప ఎవరూ అడగరు. రెండు గుక్కల పెసరకట్టు త్రాగి, ఇక చాలునని గిన్నె ప్రక్కన పెట్టడము ఎంత కష్టమో ఆ పెద్దవారికి తెలుసు. అన్నము కంటికి కనబడనప్పటి నిగ్రహము వేరు, అందుబాటులో ఉన్నప్పటి నిగ్రహము వేరు.

ఈ మాట చాలా కాలము గాయముతో కూర్చుండి, తిరిగి సాధనకు దిగే పరుగుపందెగానికి వర్తిస్తుందా అన్నది నా ప్రశ్న. జైన సంచికలో పరుగుపందెము ఎందుకని కొందరు అనవచ్చును. మన మునులు పరుగెత్తరు. ఈర్యాసమితి పాటించి ఎదుటి నాలుగు మూరల నేలను చూచుకొంటూ నడుస్తారు. నిజమే. అయినను మన చుట్టుప్రక్కల పిల్లలు పరుగెత్తుతున్నారు. కల్మల మీదుగా లింగసుగూరు పోయే రోడ్డుమీద తెల్లవారకముందే పోలీసు, మిలిటరీ భర్తీల కోసము తయారయ్యే కుర్రవాళ్ళు కనబడతారు. మోకాలో, పిక్కయెముకో చెడి నెలల తరబడి ఇంటపడిన వారు వారిలో ఉంటారు. భర్తీకి వయస్సు హద్దు ఉన్నది. తిరిగి లేచిన దినమున ఎంత పరుగెత్తవలెను అన్నది వారికి వేదాంతము కాదు, అన్నము ప్రశ్న.

అవినాశ్ సాబ్లే పేరు చాలామంది వినే ఉంటారు. బీడు జిల్లా మాండ్వా గ్రామమువాడు. నిజాం కాలములో మన రాయచూరు వలెనే బీడు కూడ హైదరాబాదు సంస్థానములోనిదే గనుక ఒక విధముగా మనవాడే. పేద కుటుంబములో పుట్టి, సైన్యములో మహర్ రెజిమెంటులో చేరి, సియాచిన్ మంచులో కాపలా కాచి, ఆ తరువాతనే పందెములకు వచ్చినాడు. అతనిది 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్. దారిలో 28 సార్లు కంచెలు, 7 సార్లు నీటిగుంత దాటవలెను. కంచె ఎత్తు సుమారు మూడడుగులు. 2018లో చీలమండ గాయమువల్ల ఆసియా క్రీడలకు పోలేకపోయినాడు. ఆ సెప్టెంబరులోనే భువనేశ్వరములో, 1981 నుండి గోపాల్ సైనీ పేరనున్న జాతీయ రికార్డును దాటినాడు. 2022 కామన్‌వెల్త్ క్రీడలలో సెకనులో ఇరువదవ వంతు తేడాతో బంగారు పతకము తప్పి వెండి వచ్చినది. 2023లో ఆసియా క్రీడల స్వర్ణము. 2024లో పారిస్‌లో 8 నిమిషాల 9.91 సెకనుల రికార్డు. 2025 జూలైలో మొనాకోలో నీటిగుంత దగ్గర పడి మోకాలు చెడినది. లోపలి కట్టు తెగినందున శస్త్రచికిత్స జరిగినది. ఆ ఏటి టోక్యో ప్రపంచ పోటీలు పోయినవి.

ఇటువంటి గాయములో ఒక చిక్కున్నది. సాధన తిరిగి మొదలుపెట్టగానే ఊపిరి త్వరగా దారికి వస్తుంది. ఎముక, కీలుకట్టు మాత్రము చాలా నెమ్మదిగా గట్టిపడతవి. కొత్తగా అతికిన కట్టు పాతదానివలె పనిచేయుటకు నెలలు పట్టును. ఊపిరి “పోదాము పద” అంటుంది. మోకాలు ఏమీ అనదు, ఒకనాడు తెగుతుంది. 2016లో నార్వే, అమెరికా పరిశోధకులు వెల్లడించిన లెక్క ప్రకారము, శస్త్రచికిత్స తరువాత తొమ్మిది నెలల వరకు ఆటకు తిరిగిరావడము ఆలస్యమైన ఒక్కొక్క నెలకు మరల గాయపడే ప్రమాదము సుమారు సగము తగ్గినది. వడ్డీ లెక్కలు చూచే మనకు ఈ లాభము చిన్నదిగా తోచదు.

మరి తెలిసీ ఎందుకు తొందరపడతారు? పాత టైము మనస్సులో కూర్చుండును. “నేను ఇంత నిమిషాలలో పరుగెత్తేవాణ్ణి” అన్నది అతని ఆస్తి. ఆస్తి పోయిందని ఒప్పుకోలేని వాని తొందర మనకు కొత్త కాదు. ప్రత్తి వ్యాపారములో దెబ్బతిన్నవాడు చిన్న మూటతో మొదలుపెట్టక, పాత దుకాణపు ఠీవి నిలుపుకొనుటకు అప్పు చేసి పాత పరిమాణములోనే కొనడము ఎన్నిసార్లు చూడలేదు? అది ధైర్యము కాదు, మానకషాయము. ఊరంతా దానినే ధైర్యమని మెచ్చుకుంటుంది, అదే విచారకరము.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. పాత టైముమీద మమకారమే పోతే పందెమెందుకు పరుగెత్తవలెను? కోరిక లేనివాడు తెల్లవారుజామున లేచి బూట్లు కట్టుకొంటాడా? నాకు తోచినది ఇది. అతడు ముని కాడు, గృహస్థు. గృహస్థుకు చెప్పినది పరిగ్రహమును పూర్తిగా విడువుమని కాదు, దానికి పరిమాణము కట్టుకొమ్మని. ఆ హద్దు ఎప్పుడు కట్టుకొంటాడన్నదే ముఖ్యము. మనము పచ్చఖాణము ఆకలి వేసిన తరువాత తీసుకోము, ముందే తీసుకుంటాము. ఆకలి వేళ కడుపు మహా తర్కము చేయును. అట్లే నేడు రెండు మైళ్ళు, అందులో సగము నడక అని బయలుదేరకముందే కాగితముమీద వ్రాసుకోవలెను. రెండవ మైలు చివర కాళ్ళు ఎంత తేలికగా ఉన్నా ఆగవలెను.

వ్రాసుకొన్న హద్దు క్రిందివైపు కూడ పనిచేయవలెను. పడినవానికి తొందర ఒక శత్రువైతే భయము రెండవది. మోకాలు బాగుపడిన తరువాత గూడ నీటిగుంత చూడగానే అడుగు తడబడుతుంది. భయమును మన శాస్త్రములు నోకషాయములలో చేర్చినవి. వ్రాసిన రెండు మైళ్ళు భయముచేత ఒకటిగా చేసినా వ్రతభంగమే.

ఆగినవాడు పిరికివాడనే వారికి అబెబె బికిలా సంగతి చెప్పవచ్చును. 1960లో రోములో వట్టికాళ్ళతోను, 1964లో టోక్యోలో అపెండిసైటిస్ ఆపరేషను జరిగిన కొద్ది వారాలకే గూడ మారథాన్ గెలిచిన ఇథియోపియా వీరుడాయన. 1968లో మెక్సికోలో కాలి ఎముక పగులుతో బయలుదేరి, సుమారు 17 కిలోమీటర్ల దగ్గర ప్రక్కకు తప్పుకొన్నాడు. ఆ పందెము ఆయన దేశస్థుడే మామో వోల్డే గెలిచినాడు. టోక్యోలో సాగడము, మెక్సికోలో ఆగడము రెండూ ఒక మనిషివే. మొదటిదానికి చప్పట్లు వచ్చినవి, రెండవదానికి రాలేదు.

చప్పట్లు మన చేతిలో ఉన్నవి గనుక ఇంకొక మాట. తిరిగి సాధనకు దిగిన కుర్రవానిని ఇంటివారు, దుకాణము మీదివారు అడిగే మొదటి ప్రశ్న “మళ్ళీ మునుపటి టైము వచ్చిందా?” అనే. వాడు రాత్రంతా దానినే మోస్తాడు. చాతుర్మాస్యములో నాలుగు నెలలు ఒకచోట నిలిచిన సాధువులు కార్తీక పూర్ణిమ తరువాత విహారము మొదలుపెట్టినప్పుడు, నిలిచిన నెలల దూరమంతా ఈ నెలలోనే నడువుమని మనమెవరమైనా అడుగుతామా? ఊరి చివరిదాక వెంట నడిచి వస్తాము, అంతే.