పుటకు ఒక డాలరు: అడిగి రాయించుకున్న శృంగార కథ – రచయిత్రి బాధ్యత

శృంగార రచనను గురించిన నైతిక చర్చ సాధారణంగా రచన చుట్టూనే తిరుగుతుంది. ఏది శృంగారం, ఏది అశ్లీలం, రెండింటికీ హద్దు ఎక్కడ అన్నవే అందులో ప్రధాన ప్రశ్నలు. ఆలంకారికులు కూడా ఈ విషయాన్ని దోషప్రకరణంలో చర్చించారు. మమ్మటుడు కావ్యప్రకాశంలో వ్రీడను కలిగించేది, జుగుప్సను కలిగించేది, అమంగళాన్ని స్ఫురింపజేసేది అని అశ్లీలాన్ని మూడు విధాలుగా విభజించాడు. ఈ విభజన పదాన్ని, అర్థాన్ని, సహృదయుని మనసుపై వాటి ప్రభావాన్ని పరిశీలిస్తుంది. ఆ పదాన్ని దినదినం కూర్చుని రాసి, దానితో పూట గడుపుకొనే వ్యక్తి మాత్రం ఈ పరిశీలన పరిధిలోకి రాడు. శృంగార కథలను కూలికి రాసే రచయిత దేనికి బాధ్యుడు? డబ్బు తీసుకున్నందుకా, ఆ వస్తువును స్వీకరించినందుకా, తన చూపును మరొకరి కోరికకు అప్పగించినందుకా? ఈ ప్రశ్నను విచారించడానికి ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నవలా రచయిత్రి అనాయీస్ నిన్ (1903–1977) అనుభవం అనువైన ఆధారం. ఆమె ఈ పని చేయడమే కాక, చేస్తున్న కాలంలోనే దాని తీరుతెన్నులను తన దినచర్య గ్రంథంలో నమోదు చేసింది.

పని స్వరూపం

1940లో ఒక పుస్తక సేకర్త, నెలకు 100 డాలర్లు ఇస్తానని, తనకోసం శృంగార కథలు రాసి ఇమ్మని హెన్రీ మిల్లర్‌ను అడిగాడు. 1934లో పారిస్‌లో వెలువడిన ‘ట్రాపిక్ ఆఫ్ క్యాన్సర్’ నవల వల్ల మిల్లర్ పేరు అప్పటికే వివాదాస్పదంగా ప్రసిద్ధమై ఉంది. కొంతకాలానికి మిల్లర్‌కు ఆ పని విసుగు పుట్టింది. ప్రయాణాలకు డబ్బు అవసరమైన సందర్భంలో, తన బదులు రాయమని నిన్‌ను కోరాడు. అలా ఆ పని ఆమె చేతికి వచ్చింది. కూలి పుటకు ఒక డాలరు. రాతప్రతులు ఒక మధ్యవర్తి ద్వారా సేకర్తకు చేరేవి. ఆమె అతన్ని చూడలేదు. రచనకు అచ్చు లేదు, రచయిత్రి పేరు లేదు, పాఠకుడు ఒక్కడే.

ఈ పనిలోకి దిగేటప్పుడు ఆమె చేసుకున్న నిర్ణయం గమనించదగినది. తన అనుభవంలోని నిజమైన దానిని దేన్నీ ఇవ్వకూడదనుకుంది. విన్న కథలను, కల్పించిన కథలను కలిపి, అవి ఎవరో ఒక స్త్రీ రాసుకున్న దినచర్య అన్నట్లుగా అందించింది. గ్రంథాలయంలో కూర్చుని కామసూత్రాలను అధ్యయనం చేసింది. మిత్రుల అనుభవాలను అడిగి తెలుసుకుంది. తర్వాత మరికొందరు కవులు కూడా ఈ పనిలో చేరారు. వారిలో పలువురు తమ జీవితానికీ స్వభావానికీ ఏ సంబంధమూ లేని అనుభవాలను రాశారని ఆమె వ్యంగ్యంగా వర్ణించింది. పుటలు లెక్కగట్టి కట్టలు అందజేసే ఒక చిన్న కార్ఖానాగా ఆ బృందం మారిపోయింది.

ఇదే కాలంలో ఆమె మరొక పని కూడా చేసింది. అమెరికన్ ప్రచురణకర్తలు ఆమె సొంత రచనలను తీసుకోవడానికి ముందుకు రాలేదు. అందువల్ల న్యూయార్క్‌లో ఒక మిత్రునితో కలిసి కాలితో తొక్కే అచ్చుయంత్రాన్ని నెలకొల్పి, అక్షరం వెంట అక్షరం తానే కూర్చి, ‘వింటర్ ఆఫ్ ఆర్టిఫిస్’ను 1942లో, ‘అండర్ ఎ గ్లాస్ బెల్’ను 1944లో ముద్రించింది. పేరు లేని పుటకు డాలరు వచ్చేది. పేరున్న పుటకు కాగితం, సిరా, శ్రమ తానే పెట్టుకోవలసి వచ్చేది. రచయిత్రి నైతికతను తూచేటప్పుడు ఈ రెండు పనులనూ ఒకే త్రాసులో పెట్టి చూడాలి.

‘కవిత్వం తగ్గించండి’

తొలి కట్టలు అందిన తర్వాత సేకర్త నుంచి వచ్చిన అభ్యర్థన ఒకటే. కథలు బాగున్నాయి గాని కవిత్వాన్ని, వర్ణనలను తొలగించి సంభోగంపైనే దృష్టి పెట్టాలని. ఈ కోరిక తరచుగా అభిరుచి లోపంగా భావింపబడుతుంది. రససిద్ధాంతం దృష్ట్యా అది అంతకంటె లోతైన విషయం. విభావానుభావవ్యభిచారి భావాల సంయోగం వల్ల రసనిష్పత్తి జరుగుతుందని భరతుడు చెప్పాడు. చంద్రోదయం, ఎడబాటు, సిగ్గు, శంక, చెమరించిన అరచేయి – ఇవేవీ రతిభావానికి పైపై అలంకారాలు కావు. రతి శృంగారంగా పరిణమించే మార్గం ఇదే. సేకర్త కోరినది ఈ మార్గాన్ని తీసివేసి గమ్యాన్ని మాత్రం చేతిలో పెట్టమని. మార్గం లేనప్పుడు ఆ గమ్యం ఒక శారీరక క్రియల జాబితాగా మిగులుతుంది.

నిన్ గ్రంథాలయంలో చదివిన వాత్స్యాయనుడే ఈ విషయంలో సేకర్తకు ఎదురుసాక్షి. శాస్త్రానికి ఒక పరిధి ఉన్నదని, రతిచక్రం తిరగడం మొదలైన తర్వాత శాస్త్రమూ ఉండదు, క్రమమూ ఉండదని అతడు అంగీకరించాడు. తన గ్రంథం కేవలం రాగాన్ని రెచ్చగొట్టడానికి ఉద్దేశించినది కాదని చివర హెచ్చరించాడు. భేదాలను, క్రమాలను అంత విస్తరంగా వివరించిన శాస్త్రకారుడికే క్రమం చాలదని తెలుసు. సేకర్తకు క్రమం తప్ప మరేమీ అక్కరలేదు.

నిన్ ప్రతిస్పందన రెండు విధాలుగా ఉంది. మొదటిది పరిహాసం. కథలను అతిశయోక్తితో నింపి, తాను ఈ వస్తువును వెక్కిరిస్తున్నానని అతనికి తెలిసిపోయేంత దూరం తీసుకువెళ్ళింది. అటువైపు నుంచి అభ్యంతరం రాలేదు. రెండవది ఆగ్రహం. భావోద్వేగం, ఊహ, సంబంధం లేని కామవర్ణన యాంత్రికమై తన శక్తిని తానే చంపుకొంటుందని సేకర్తను ఉద్దేశించి ఒక లేఖ రాసి దినచర్యలో పొందుపరిచింది. వెక్కిరింపును గుర్తించని పాఠకునికి రచయిత్రి అక్కరలేదని, పుటలు మాత్రమే కావాలని ఆ మౌనం రుజువు చేసింది.

ఆనందవర్ధనుని చర్చ ఇక్కడ ఉపకరిస్తుంది. కుమారసంభవంలో పార్వతీపరమేశ్వరుల సంభోగవర్ణన అనుచితమే అయినా, కాళిదాసు శక్తి ఆ దోషాన్ని కప్పివేసిందని ధ్వన్యాలోకం చెబుతుంది. అంటే వస్తువు ఎంత సున్నితమైనదైతే, కవి చూపు అంత అవసరం. కొనేవాడు ఆ చూపునే తీసివేయమన్నప్పుడు దోషాన్ని కప్పగలిగినది ఏదీ మిగలదు. నైతిక ప్రశ్న కచ్చితంగా ఇక్కడ మొదలవుతుంది.

డబ్బు దోషమా?

డబ్బు తీసుకోవడమే దోషమనే వాదం తెలుగు సాహిత్య చరిత్ర ముందు నిలవదు. అగ్రహారాలు, సన్మానాలు, నిత్యపోషణ లేకుండా మన ప్రబంధ సాహిత్యంలో అధికభాగం లేదు. తేడా పోషణలో లేదు. రచనలో కవికి మిగిలిన స్థానంలో ఉంది. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ అవతారికలో తన వంశాన్ని స్త్రీల పక్షాన చెప్పుకుంది. తన విద్వత్తును, తాను అందుకున్న గౌరవాన్ని దాచుకోలేదు. ఆ కావ్యంలోని శృంగారం ఎవరిదో పాఠకునికి తెలుసు. కందుకూరి వీరేశలింగం ఆ కావ్యాన్ని తీవ్రంగా నిరసించడం, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని ప్రచురించి సమర్థించడం, తర్వాత ప్రభుత్వం ప్రతులను నిషేధించడం, 1947లో ఆ నిషేధం తొలగడం సాహిత్య చరిత్రకారులకు సుపరిచితాలు. సిగ్గు స్త్రీలకే సహజమా, పురుషులకు ఉండనక్కరలేదా అన్నది ఆ సందర్భంలో నాగరత్నమ్మ వాదానికి కేంద్రం.

ముద్దుపళని నింద పడింది, కాని ఆ నింద పడటానికి ఆమె అక్కడ ఉంది. నిన్ కథల కట్టల్లో రచయిత్రి లేదు. పేరు లేకపోవడం ఆమెను నింద నుంచి కాపాడింది. అదే సమయంలో తన మాటకు తాను నిలబడే చోటును కూడా తీసివేసింది. కూలికి రాసే శృంగార రచయిత మారుపేరులోనో, పేరు లేకుండానో పొందే రక్షణకు చెల్లించే వెల ఇదే.

స్వరం, బాధ్యత

సేకర్తను గురించిన కథనం ఆమె దినచర్య మూడవ సంపుటం ద్వారా 1969లో వెలుగులోకి వచ్చింది. కథలు మాత్రం చాలాకాలం ప్రచురణకు నోచుకోలేదు. తన శైలి పురుషుల రచనలను అనుకరించినదని, ఒకే ఒక పురుష పాఠకుణ్ణి తృప్తిపరచడానికి తన స్త్రీత్వాన్ని రాజీ పరచుకున్నానని ఆమె చాలాకాలం భావించింది. సంవత్సరాల తర్వాత మళ్ళీ చదివినప్పుడు తన స్వరం పూర్తిగా అణగిపోలేదని గుర్తించింది. పురుషుల అధీనంలో ఉన్న రంగంలో ఒక స్త్రీ చేసిన తొలి ప్రయత్నాలుగా వాటి ప్రచురణకు అంగీకరిస్తూ 1976 సెప్టెంబరులో ఒక అనుబంధం రాసింది. 1977 జనవరిలో ఆమె మరణించింది. ఆ సంవత్సరమే ‘డెల్టా ఆఫ్ వీనస్’, 1979లో ‘లిటిల్ బర్డ్స్’ వెలువడ్డాయి. ఎవరికీ తెలియకుండా ఒక్కరి కోసం రాసిన పుటలు ఆమె పుస్తకాలలో అత్యధికంగా అమ్ముడైన వాటిలో చేరాయి.

ఈ పునర్మూల్యాంకనాన్ని స్త్రీవాద విమర్శ స్వాగతించడం సహజం. అయితే అందులో ఒక చిక్కు ఉంది. ఈ కథలలో కొన్నింటిలో బలప్రయోగం ఉంది. పిల్లల పట్ల అకృత్యం ఉంది. వాటిని సేకర్త కోరిక ఖాతాలో వేసి, కథలలోని సూక్ష్మమైన స్త్రీ అనుభూతిని మాత్రం రచయిత్రి ఖాతాలో వేయడం న్యాయం కాదు. స్వరం తనదైతే, ఆ స్వరం పలికినదంతా తనదే. వెక్కిరింపుగా రాశానన్న సమాధానం కూడా పూర్తిగా చాలదు. వెక్కిరింపు ఎవరికోసమో వారే దానిని గుర్తించనప్పుడు, అది రాసినవారి మనసులో మాత్రమే ఉండిపోతుంది. పుటపై ఉన్నది ఇతరులకు ఏమి చేస్తుందన్నది వేరే విషయం. పైగా 1977 నాటికి పాఠకుడు మారిపోయాడు. ఒక్క సేకర్త స్థానంలో వేలమంది చేరారు. పేరు పెట్టిన క్షణంలో రచయిత్రి ఆ బాధ్యతను కూడా స్వీకరించింది.

ఇక్కడ నాగరత్నమ్మ ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది. హత్యాకథనాలను నెలకొకటి చొప్పున రాసే పురుష రచయితను ఎవరూ అడగని ప్రశ్నను శృంగార రచయిత్రిని మాత్రమే అడగడం సబబా? సబబు కాదు. దానికి పరిహారం ఆమెను అడగకుండా వదిలేయడం కూడా కాదు. అదే ప్రశ్నను అందరినీ అడగడం. రాయమన్నది ఎవరైనా, వెల ఎంతైనా, మనిషిని మనిషిగా చూపడమా, వస్తువుగా చూపడమా అన్న నిర్ణయంలో కొంత భాగం ఎప్పుడూ రాసే చేతిలోనే మిగిలి ఉంటుంది. ఆ భాగం ఎంత అన్నది కొలవదగిన విషయం. అవసరం ఎక్కువైనకొద్దీ అది తగ్గుతుంది గాని పూర్తిగా మాయం కాదు. కవిత్వం తీసేయమన్న ఆదేశం తర్వాత కూడా ఆమె కథలలో స్వరం మిగిలిందన్న సంగతే దీనికి నిదర్శనం.

తెలుగులో కూడా మారుపేర్లతో వెలువడిన చౌకబారు శృంగార నవలలను పరిశోధన చాలావరకు పక్కన పెట్టింది. వాటిని సాహిత్యంగా నిలబెట్టనక్కరలేదు. వాటిని ఎవరు, ఏ రేటుకు, ఎవరి షరతులపై రాశారో, ఏది తీసేయమన్నారో, తీసేయమన్నా ఏది మిగిలిందో విచారించవచ్చు. అశ్లీలం ఉందా లేదా అన్న ప్రశ్న కంటె ఈ విచారణ రచయిత నైతిక స్థితిని స్పష్టంగా చూపుతుంది.